ప్రేమ నవలల ఆడియోబుక్కులు: నాయకుడి మాటలకు మగగొంతే కావాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. ఇంగ్లీషు ప్రేమ నవలలు చాలా ఏళ్ళుగా చదువుతున్న మీరు, ఈమధ్య ఉద్యోగానికి వెళ్ళివచ్చే ప్రయాణంలో వాటిని ఆడియోబుక్కులుగా వినడం మొదలుపెట్టారు. కానీ నాయకుడి మాటలు స్త్రీ గొంతులో వినబడగానే ఎబ్బెట్టుగా తోచి సగంలో ఆపేస్తున్నారు. ఇకమీదట ఇద్దరు నెరేటర్లు (పుస్తకం చదివి వినిపించేవారు) చదివినవే కొనుక్కోవాలా, బ్రిటిష్ యాస చెవికి పట్టుబడాలంటే ఏం చేయాలి, ఎవరి గొంతుతో మొదలుపెడితే బాగుంటుంది అని అడిగారు. చాలాకాలంగా ఈ నవలలను కంటితో కన్నా చెవితోనే ఎక్కువగా చదువుతున్న శ్రోతగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇద్దరు చదివినవాటి కోసం ప్రత్యేకంగా వెతకకండి. ప్రేమకథకు ఒక్క మంచి గొంతు చాలు, చాలా నవలలకు ఒక్క గొంతే మేలు కూడా.

ఎందుకో చెప్పడానికి జేన్ ఆస్టెన్ పూర్తిచేసిన చివరి నవల 'పర్స్యుయేషన్' కంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు. ఆమె మరణించిన తరువాత 1817 చివరలో వెలువడిన ఈ నవలలో, ఎనిమిదేళ్ళ క్రితం పెద్దల మాట విని తాను కాదన్న వెంట్‌వర్త్‌ను ఆన్ ఎలియట్ మళ్ళీ కలుసుకుంటుంది. బాత్ నగరంలో ఒక సత్రం గదిలో, ప్రేమను ఎక్కువకాలం నిలుపుకొనేది స్త్రీలా పురుషులా అని ఆమె వెంట్‌వర్త్ స్నేహితుడు కెప్టెన్ హార్విల్‌తో వాదిస్తూ ఉంటే, పక్కనే బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నట్టు కనిపించే వెంట్‌వర్త్ ఆ మాటలన్నీ వింటూ, వింటూనే ఆమెకు ఒక ఉత్తరం రాసి, దానిని అక్కడ వదిలి వెళ్ళిపోతాడు. అతడు లేచిన కుర్చీలోనే కూలబడి ఆమె ఆ ఉత్తరం చదువుకుంటుంది. ఇంగ్లీషు ప్రేమ నవలల్లో ఇంతకన్నా పేరున్న ఉత్తరం మరొకటి ఉందనుకోను. ఆ ఉత్తరం రాసినది పురుషుడే. అయితే ఆ క్షణంలో దానిని చదువుతున్నది ఆన్. ఆమె కళ్ళు ఒక్కొక్క వాక్యం మీద ఎలా పరుగెత్తాయో, ఎక్కడ ఆగి నమ్మలేకపోయాయో అన్నది ఆ ఘట్టానికి ప్రాణం. ఆడియోబుక్కులు ప్రచురించే నాక్సోస్ సంస్థ కోసం నటి జూలియట్ స్టీవెన్సన్ ఈ నవల మొత్తం చదివిన రికార్డింగు విన్నప్పుడు నాకు వినబడినది వెంట్‌వర్త్ కాదు, వెంట్‌వర్త్ మాటలను మొదటిసారి చదువుకుంటున్న ఆన్. అక్కడ ఒక మగనటుడు వచ్చి గంభీరంగా ఉత్తరం చదివి వెళ్ళిపోతే మనకు ఉత్తరం దక్కుతుంది కాని ఆన్ దక్కదు.

ఇందులో మనకు కొత్త ఏమీ లేదు. పోతన భాగవతంలో రుక్మిణి తన ప్రేమను కృష్ణుడికి ఎవరి నోట చెప్పించింది? అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి నోట. నీ మాటలు వినలేని చెవులు ఉండి ఏం లాభమని ఒక కన్యక పడే ఆరాటాన్ని ఆ బ్రాహ్మణుడు ద్వారకకు వెళ్ళి కృష్ణుడి ఎదుట అప్పజెప్పాడు. ఆ పద్యాలను తరతరాలుగా హరిదాసులు, పురాణం చెప్పే పండితులు, ఇళ్ళలో తాతయ్యలు చదివారు. ఏ శ్రోతా అది రుక్మిణి గొంతు కాదని లేచిపోలేదు. హరికథ చెప్పే భాగవతార్ ఒక్కడే రుక్మిణి, కృష్ణుడు, రుక్మి, బ్రాహ్మణుడు అన్నీ అయినా మనకు ఎబ్బెట్టు అనిపించదు. పాత్రలకు వేరువేరు గొంతులు కావాలన్న అలవాటు మనకు నాటకం నుంచి, ఆకాశవాణి రేడియో నాటికల నుంచి, సినిమా నుంచి వచ్చింది. శారదా శ్రీనివాసన్ వంటి గొంతులు రేడియోలో పలికిన కాలంలో పెరిగినవారికి ఆ అలవాటు మరీ బలం. రేడియో నాటిక చాలా గొప్పది, దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని అందులో పాత్రలు మన ఎదుట మాట్లాడుకుంటాయి, నవలలో ఒకరు మనకు కథ చెబుతారు. ఆడియోబుక్‌ను నాటికలా కాకుండా హరికథలా వినడం మొదలుపెడితే మీ ఇబ్బంది చాలావరకు తొలగుతుంది.

షార్లట్ బ్రాంటీ 'జేన్ ఐర్' (1847) ఇంకా స్పష్టమైన ఉదాహరణ. కథ మొత్తం జేన్ చెబుతుంది, అదీ పెళ్ళయి పదేళ్ళు గడిచాక చెబుతుంది. అంటే నాయకుడు రోచెస్టర్ పలికే ప్రతి వాక్యమూ అతడి భార్య జ్ఞాపకంలో నుంచి మనకు వస్తున్నది. 2016లో ఆడియోబుక్కులు అమ్మే ఆడిబుల్ సంస్థ కోసం నటి థాండివే న్యూటన్ చదివిన రికార్డింగులో రోచెస్టర్ మాటలు ఆమె గొంతులో వినడం రాజీపడటం కాదు, ఆ నవల కోరుకున్నదే అది.

ఇద్దరు చదివినవన్నీ ఒక్క రకం కావు, ఈ తేడా తెలియకుండా కొంటే నిరాశ తప్పదు. ఒక్కరే మొత్తం చదివితే సోలో అంటారు. డ్యూయల్ అనే పద్ధతిలో నాయిక దృష్టితో సాగే అధ్యాయాలు స్త్రీ, నాయకుడి దృష్టితో సాగే అధ్యాయాలు పురుషుడు చదువుతారు. కాని నాయిక అధ్యాయంలో నాయకుడు మాట్లాడితే ఆ మాటలు కూడా స్త్రీ నెరేటరే పలుకుతుంది, అతడి అధ్యాయంలో ఆమె మాటలు అతడు పలుకుతాడు. కనుక మీరు తప్పించుకోవాలనుకుంటున్న విషయం ఇక్కడా ఉంటుంది. పైగా నాయకుడికి రెండు గొంతులు, నాయికకు రెండు గొంతులు తయారై, మొదటి అధ్యాయంలో తొణక్కుండా మాట్లాడిన మనిషి రెండో అధ్యాయంలో వేరే మనిషిలా వినిపిస్తాడు. మీరు నిజంగా ఊహించుకుంటున్నది డ్యూయెట్ అనే మూడో పద్ధతి. ఇందులో ఎవరి అధ్యాయమైనా సరే ఎవరి మాటలు వారే పలుకుతారు. దీనికి ఖర్చూ పనీ ఎక్కువ. ఇద్దరూ తరచుగా వేరువేరు ఊళ్ళలో, వేరువేరు గదుల్లో రికార్డు చేస్తారు, ఆ ముక్కలను తరువాత ఎడిటర్ అతుకుతాడు. మంచి ఎడిటర్ చేతిలో పడితే అతుకు తెలియదు. లేకపోతే ఆమె అడిగిన ప్రశ్నకూ అతడి జవాబుకూ మధ్య గది మారిపోయినట్టు వినిపిస్తుంది, ఒకరు రెచ్చిపోయి మాట్లాడుతూ ఉంటే మరొకరు తాపీగా బదులిస్తారు. ప్రేమలో ఉన్న ఇద్దరు ఒకరి మాట ఒకరు వినడం లేదని శ్రోతకు తెలిసిపోవడం కంటే ఆ కథకు జరిగే నష్టం ఇంకేముంటుంది?

డ్యూయల్ బాగా కుదిరే నవలలూ ఉన్నాయి, అన్యాయంగా మాట్లాడను. ఇద్దరి లోపలి ప్రపంచాలూ బాగా వేరైనప్పుడు, ఒకే సంఘటనను ఇద్దరూ వేరువేరుగా అర్థం చేసుకుంటున్నప్పుడు గొంతు మారడం కథకు సాయం చేస్తుంది. 2017లో వచ్చిన సంధ్యా మీనన్ 'వెన్ డింపుల్ మెట్ రిషి' అలాంటిది. అమెరికాలో పెరిగిన భారతీయ కుటుంబాల పిల్లలు, పెద్దలు లోపాయికారీగా కుదిర్చిన సంబంధం, దాని సంగతి అబ్బాయికి తెలుసు, అమ్మాయికి తెలియదు. ఆ అజ్ఞానం నుంచీ ఆ నమ్మకం నుంచీ కథ మొదలవుతుంది కాబట్టి స్నేహా మతాన్, వికాస్ ఆడమ్ అధ్యాయాలు పంచుకోవడం అర్థవంతంగా ఉంది. పైగా మన పేర్లు, మన వంటకాలు, తల్లిదండ్రుల మాటతీరు తెలిసినవారు చదివారు. భారతీయ పాత్రలున్న ప్రేమ నవలను మన పేర్లు పలకడం రానివారు చదివితే తల్లి తన కూతురిని పిలిచే పిలుపే తప్పుగా వినబడుతుంది, ఆ తరువాత ఎంత బాగా చదివినా ఆ ఇల్లు ఇల్లులా అనిపించదు. అందుకే అటువంటి నవలలకు నేను రచయిత పేరు కంటే ముందు నెరేటర్ పేరు చూస్తాను.

మంచి సోలో నెరేటర్‌ను ఎలా గుర్తుపట్టాలి? స్త్రీ నెరేటర్ నాయకుడి మాటల దగ్గరకు వచ్చినప్పుడు గొంతును బలవంతంగా కిందికి లాగి గరగరలాడిస్తోందా, లేక వేగం తగ్గించి, వాక్యం చివరను కాస్త దించి ఊరుకుంటోందా అన్నది మొదట గమనించండి. రెండో పని చేసేవారే నిలుస్తారు. మనుషులను మనం గొంతు లోతును బట్టి కాక మాట తీరును బట్టి పోల్చుకుంటాం: ఎక్కడ ఆగుతాడు, ఏ మాట మింగేస్తాడు, కోపం వస్తే వేగం పెంచుతాడా తగ్గిస్తాడా. పురుష నెరేటర్లకూ ఇదే పరీక్ష. నాయిక మాటలు రాగానే సన్నగా, చిన్నపిల్లలా, ముద్దుముద్దుగా పలికేవారి పుస్తకం నేను మొదటి అధ్యాయంలోనే ఆపేస్తాను, ఎందుకంటే ఆ నెరేటర్‌కు నాయిక మీద గౌరవం లేదని నాకు అనిపిస్తుంది. ఇంకో దోషం, ప్రతి వాక్యమూ గుసగుసగా, ఊపిరి నిండిన గొంతుతో చదవడం. టీ కలుపుకునే సన్నివేశం కూడా ప్రణయంలా చదివితే నిజంగా ప్రణయం వచ్చేటప్పటికి నెరేటర్ దగ్గర ఏమీ మిగలదు.

ఈ విషయంలో నేను అందరికంటే ముందు పేర్కొనేది డావినా పోర్టర్ పేరు. ఆమె చదివిన డయానా గాబల్డన్ నవల 'అవుట్‌లాండర్' (1991) ఒక్కటే 32 గంటల పైచిలుకు రికార్డింగు. 1945లో రెండో ప్రపంచయుద్ధం ముగిశాక స్కాట్లండ్‌కు వచ్చిన క్లెయిర్ అనే ఇంగ్లీషు నర్సు 1743లోకి జారిపోయి, అక్కడ జేమీ ఫ్రేజర్ అనే యువకుడిని కలుసుకుంటుంది. క్లెయిర్ ఇంగ్లీషు, జేమీ హైలాండ్ (స్కాట్లండ్ కొండప్రాంతపు) యాస, చుట్టూ ఉన్న తెగల మనుషుల మాట, ఇంగ్లీషు సైనికాధికారుల మాట అన్నీ ఒక్క గొంతులోనే, ఏదీ మరొకదానిలో కలిసిపోకుండా నడుస్తాయి. జేమీ గొంతు కోసం పోర్టర్ పురుషుడిని అనుకరిస్తున్నట్టు నాకు ఏనాడూ అనిపించలేదు. ఆ యాసలోని లయే అతడిని ఎదుట నిలబెడుతుంది. 2021లో వచ్చిన తొమ్మిదో నవల దాకా ఆ సిరీస్‌ను ఆమే చదివారు. ఒకే గొంతుతో అన్ని సంపుటాలు వినడంలో ఉన్న సుఖం చదవడంలో లేదని నా నమ్మకం, ఎందుకంటే పాత్రలతో పాటు కథ చెప్పే మనిషి కూడా మనతోనే పెద్దదవుతుంది. ఇదే సుఖాన్ని, జె.డి. రాబ్ పేరుతో నోరా రాబర్ట్స్ 1995 నుంచి రాస్తున్న 'ఇన్ డెత్' సిరీస్‌లో సుసాన్ ఎరిక్సన్ గొంతు ఇస్తుంది. అవి నేర పరిశోధన కథలే అయినా యాభైకి పైగా నవలల్లో సాగే ఒక దాంపత్య కథ వాటికి వెన్నెముక. ఐర్లండ్‌లో పుట్టిన భర్త, న్యూయార్క్ పోలీసు అయిన భార్య తగువులాడుకునే తీరులో ఆ యాసల తేడా లేకపోతే సగం రుచి పోయేది.

జూలియా క్విన్ బ్రిడ్జర్టన్ నవలలు చదివే రోజలిన్ లాండర్ దగ్గర వేరే నేర్పు ఉంది. బ్రిడ్జర్టన్ కుటుంబంలో ఎనిమిది మంది తోబుట్టువులు, తల్లి, ఒక్కో నవల ఒక్కొక్కరిది. ముగ్గురు అన్నదమ్ములు ఒకే గదిలో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఉంటే ఎవరు ఏ మాట అన్నారో రచయిత్రి ప్రతిసారీ చెప్పదు, నెరేటర్ చెప్పాలి. లాండర్ బాలనటిగా సినిమాల్లోకి వచ్చి తరువాత టీవీలో నటించినవారు. ఆ నటనానుభవం ఇటువంటి సన్నివేశాల్లో తెలుస్తుంది. ఆమె పలికే నాయకులు కొందరికి మరీ బొంగురుగా అనిపిస్తారని విన్నాను. నాకు అలా అనిపించలేదు కాని, మీకున్న ఇబ్బంది దృష్ట్యా ఆమెతో మొదలుపెట్టమని మాత్రం చెప్పను.

ఈ కాలపు కథలు, నాయికే "నేను" అంటూ చెప్పుకునే కథలు ఇష్టమైతే జూలియా వీలన్ చదివినవి వినండి. ఎమిలీ హెన్రీ 'బీచ్ రీడ్' (2020) మొదలుకొని హెన్రీ పెద్దవాళ్ళ కోసం రాసిన ప్రేమ నవలలకు వీలన్ గొంతు ఇస్తున్నారు. నాయిక చతురంగా మాట్లాడుతున్నప్పుడు ఆ చతురత కింద దాచుకున్న దుఃఖం వినబడేలా చదవడం ఆమె ప్రత్యేకత. హాస్యపు వాక్యాన్ని నొక్కి చదవకుండా వదిలేస్తుంది, మనమే పట్టుకోవాలి.

ప్రణయ సన్నివేశాల గురించి మీరు అడగలేదు కాని, వినేవారందరికీ ఎదురయ్యే విషయం కనుక రెండు మాటలు. కంటితో చదివేటప్పుడు మనం త్వరగా దాటేసే పేజీలను చెవి దాటలేదు, నెరేటర్ ఎంతసేపు చదివితే అంతసేపు వినాలి. మంచి నెరేటర్ అక్కడ నటించదు, సిగ్గుపడి పరుగెత్తదు కూడా. పాత్రలు ఆ క్షణంలో ఒకరిపట్ల ఒకరు ఎంత జాగ్రత్తగా ఉన్నారో దానిని మాత్రం పట్టుకుంటుంది. ఈ సన్నివేశాలు ఎక్కువగా ఉండే నవలలకు చాలామంది నెరేటర్లు మారుపేరు వాడతారు, కనుక మీకు నచ్చిన గొంతు వేరే పేరుతో వినబడితే ఆశ్చర్యపోకండి. మోతాదు ఎంత ఉందో కొనేముందే పాఠకుల అభిప్రాయాల్లో చూసుకోవడం, నలుగురున్న ఇంట్లో ఇయర్‌ఫోన్లు వాడుకోవడం మంచిది.

బ్రిటిష్ యాస సంగతి. నెరేటర్లు సాధారణంగా నిమిషానికి 150 నుంచి 160 మాటల వేగంతో చదువుతారు, అంటే గంటకు దాదాపు 9,000 మాటలు, 90,000 మాటల నవల పది గంటలు. ఆ వేగం యాస అలవాటు లేని చెవికి ఎక్కువగానే ఉంటుంది. అందువల్ల ఇదివరకే మీరు చదివి, కథ బాగా తెలిసిన నవలను ఎంచుకోండి. కథ కోసం వెతుక్కోవలసిన పని లేకపోతే చెవి యాస మీదే నిలుస్తుంది. మొదటి రెండు మూడు అధ్యాయాలు పుస్తకం ఎదుట పెట్టుకుని వినండి. అవసరమైతే వేగాన్ని 0.9కు తగ్గించుకోండి, అలవాటయ్యాక 1.1, 1.2 దాకా పెంచుకోవచ్చు. అంతకు మించి పెంచవద్దని గట్టిగా చెబుతాను. వార్తలకు, వ్యాసాలకు ఒకటిన్నర వేగం పనికివస్తుందేమో కాని ప్రేమకథలో ఒకరు అడిగిన ప్రశ్నకు మరొకరు జవాబు చెప్పే ముందు పట్టిన వ్యవధిలోనే అసలు జవాబు ఉంటుంది. వేగం పెంచితే ముందు కరిగిపోయేది ఆ మౌనమే. రద్దీ బస్సులో, రైల్లో వినేటప్పుడు నెమ్మదిగా పలికే మాటలు రొదలో కలిసిపోతాయి కనుక, ముఖ్యమైన ఘట్టం రాబోతోందని తెలిస్తే ఇంటికి వెళ్ళేదాకా ఆపి ఉంచుకోండి.

కొనేముందు మూడు జాగ్రత్తలు. మొదటిది, సంక్షిప్తమా పూర్తి పాఠమా చూడండి. జార్జెట్ హేయర్ నవలలు కొన్నింటిని నటుడు రిచర్డ్ ఆర్మిటేజ్ చదివారు. 'వెనీషియా'లో ఆయన నాయికను గొంతు సన్నం చేయకుండానే తెలివైన మనిషిగా నిలబెట్టిన తీరు నాకు ఎంతో ఇష్టం, పురుష నెరేటర్ స్త్రీ పాత్రను ఎలా పలకాలో చూపడానికి అది చాలు. కాని అవి సంక్షిప్త ప్రతులు, నవలలో మీకు ఇష్టమైన సంభాషణ అందులో ఉండకపోవచ్చు. రెండోది, కంప్యూటర్ తయారుచేసిన గొంతులు. 2023 నుంచి ఆడిబుల్‌లో అటువంటి పుస్తకాలు వస్తున్నాయి, నెరేటర్ పేరు ఉండే చోట "వర్చువల్ వాయిస్" అని ఉంటుంది. ఉచ్చారణ శుభ్రంగానే ఉంటుంది. కాని "నాకేమీ బాధ లేదు" అని నాయిక అన్నప్పుడు ఆమె అబద్ధం చెబుతోందని ఆ గొంతుకు తెలియదు, ప్రేమ నవలల్లో సగం సంభాషణ అటువంటి అబద్ధాలే. మనిషి చదివిన ఒక గంట రికార్డింగు వెనుక ముందుగా నవలంతా చదువుకోవడం, పేర్ల ఉచ్చారణ కనుక్కోవడం, తప్పులు మళ్ళీ చదవడం ఇవన్నీ ఉంటాయి. చాలామంది నెరేటర్లకు మాత్రం పూర్తయిన గంటల లెక్కన ఒక్కసారి ఇచ్చే పారితోషికమే, పుస్తకం ఎంత అమ్ముడుపోయినా అందులో వాటా ఉండదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం, కనీసం నెరేటర్ పేరు గుర్తుపెట్టుకుని వారి పుస్తకాలు అడిగి వినడం శ్రోతగా మనం చేయగలిగిన పని. మూడోది నమూనా గురించి. వెబ్‌సైట్లలో ఉచితంగా వినిపించే నమూనా సాధారణంగా నవల మొదటి నిమిషాలు, అందులో వర్ణనే ఎక్కువ, నాయకుడు ఇంకా రంగంలోకి రాడు. దానిని బట్టి నిర్ణయించకండి. అమెరికా వంటి దేశాల్లో ఉంటే పబ్లిక్ లైబ్రరీ కార్డుతో లిబీ యాప్‌లో అరువు తెచ్చుకుని, నాయికానాయకులు మొదటిసారి వాదించుకునే చోటు దాకా విని చూడండి. గొంతు నిలుస్తుందో లేదో అక్కడ తెలుస్తుంది.

మీ మూడో ప్రశ్నకు జవాబుగా ఒక వరుస చెబుతాను. డబ్బు ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే లిబ్రివాక్స్‌లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' వినండి. 2005లో మొదలైన ఈ సేవలో కాపీరైటు ముగిసిన పుస్తకాలను స్వచ్ఛంద పాఠకులు చదివి ఉచితంగా ఇస్తారు. ఒకే నవలకు అక్కడ ఎన్నో రికార్డింగులు ఉంటాయి, వాటిలో అధ్యాయానికొకరు చదివినవీ, నాటకంలా పాత్రకొకరు చదివినవీ ఉంటాయి కనుక ఒక్కరే మొత్తం చదివినదానినే ఎంచుకోండి. కథ మీకు కంఠతా వచ్చి ఉంటుంది, చెవి సిద్ధమవుతుంది. తరువాత జూలియా వీలన్ గొంతులో 'బీచ్ రీడ్', అది అమెరికన్ ఇంగ్లీషు కనుక తేలిక. ఆ తరువాత జూలియట్ స్టీవెన్సన్ 'పర్స్యుయేషన్', ఉత్తరం ఘట్టం దగ్గర మీ అభిప్రాయం మారుతుందో లేదో చూడండి. 'అవుట్‌లాండర్' అన్నిటికన్నా చివర, ఆ యాసకూ ఆ నిడివికీ మీ చెవి సిద్ధమయ్యాకే మొదలుపెట్టండి. అందులో హింస, ముఖ్యంగా నవల చివరి భాగంలో, చాలా తీవ్రంగా ఉంటుంది. కంటితో చదివినప్పుడు తట్టుకోగలిగినది చెవిలో పడినప్పుడు తట్టుకోవడం కష్టం కావచ్చు కనుక, ఆ అధ్యాయాలు రాత్రి ఒంటరిగా కాకుండా పగటిపూట వినండి.